ఇండియాలో ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లకు టెక్సాస్‌లో మళ్లీ బేసిక్ కోర్సు అవసరమా?

ప్లానో_మామిడి
డాలస్ పక్కన ప్లానోలో ఉంటున్నాను. ఇంటర్ రోజుల నుంచి బండి నడుపుతున్నాను. మొదట నాన్నగారి స్ప్లెండర్, ఉద్యోగంలో చేరాక పల్సర్. ఖమ్మం నుంచి హైదరాబాద్‌కు వానలో, రాత్రిపూట, లారీల మధ్య ఎన్నోసార్లు వచ్చాను. ఇప్పుడు ఇక్కడ ఒక బండి కొందామని లైసెన్సు సంగతి విచారిస్తే, బేసిక్ కోర్సు సర్టిఫికెట్ లేకుండా క్లాస్ ఎం, అంటే మోటార్‌సైకిల్ లైసెన్సు, ఇవ్వరంటున్నారు. ఇండియా లైసెన్సు చూపించినా లెక్కలోకి రాదట. సుమారు 250 డాలర్లు, ఒక వారాంతం మొత్తం, అదీ ఖాళీ పార్కింగ్ స్థలంలో చిన్న బండి మీద తిరగడానికి. క్లచ్ అంటే ఏమిటో తెలియనివాళ్లతో కలిసి మొదటి నుంచి మొదలుపెట్టాలా? చేసినవాళ్లు చెప్పండి. మనలాంటివాళ్లకు దానివల్ల ఏమైనా ఒరిగిందా, లేక కాగితం కోసమేనా?

ఆస్టిన్_ఆవకాయ
తప్పించుకునే దారి లేదు. 2009 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ తప్పనిసరి. కారు లైసెన్సు ఉన్న పెద్దవాళ్లకు సర్టిఫికెట్ చూపిస్తే బండి టెస్టు మినహాయిస్తారు, అంతవరకు లాభం.

బే_ఏరియా_బుల్లెట్
కాలిఫోర్నియాలో 21 ఏళ్ల లోపువాళ్లకే తప్పనిసరి. అయినా పెద్దవాళ్లూ చేరతారు, సర్టిఫికెట్ ఉంటే లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసు వాళ్ల బండి పరీక్ష అక్కరలేదు కాబట్టి. ఆ పరీక్షలో గీసిన వలయం లోపల గీత దాటకుండా తిరగడం కన్నా కోర్సే నయం.

నల్లరేగడి
అసలు కోర్సులో ఏముంటుందో చెబితే ప్లానో_మామిడి గారికి నిర్ణయించుకోవడం తేలిక. మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ అనే సంస్థ 1973లో పుట్టింది. చాలా రాష్ట్రాల్లో వాళ్ల పాఠ్యక్రమమే నడుస్తుంది. ముందు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ పాఠం, సుమారు ఐదు గంటలు. తర్వాత మైదానంలో మొత్తం పది గంటలు, సాధారణంగా రెండు రోజులకు పంచుతారు. బండి వాళ్లే ఇస్తారు, ఎక్కువగా 125 నుంచి 300 సీసీ లోపు. చివర రాత పరీక్ష, దానికి 80 శాతం రావాలి. తర్వాత బండి పరీక్ష.

మొదటి పూట ఇంజిన్ ఆన్ చేసి, క్లచ్ కొద్దికొద్దిగా వదులుతూ, కాళ్లతో నడుస్తూ బండిని ముందుకు జరపడమే. విసుగు పుడుతుంది, నిజమే. ఆ పూట ఓర్చుకోండి. రెండో రోజు హఠాత్తుగా ఆపడం, అడ్డం వచ్చినదాన్ని తప్పించడం, మలుపులు మొదలయ్యాక మీకు విసుగు ఉండదు.

మూడో_గేరు
నేను కూడా మీలాగే స్ప్లెండర్ మీద పెరిగినవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకు తొక్కితే పెరుగుతాయి. ఇక్కడ ఇచ్చే బండ్లలో ఒకటో గేరు కిందికి, మిగతావన్నీ పైకి, మధ్యలో న్యూట్రల్. పల్సర్ నడిపారు కాబట్టి మీ కాలికి ఇది కొత్త కాదు. కానీ కంగారులో పాదం తన పాత అలవాటుకే పోతుంది. మా బృందంలో విజయవాడ నుంచి వచ్చిన ఒకాయన వేగం పెంచబోయి తొక్కితే మూడు నుంచి రెండుకు దిగింది. వెనక చక్రం కీచుమంది.

అంతకన్నా పెద్ద సంగతి బ్రేకు. మన బండ్లలో చాలాకాలం ముందు చక్రానికి డ్రమ్ బ్రేకే. రోడ్డు అంచున ఇసుక, పేడ, కంకర. ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతావని పెద్దవాళ్లు చెప్పారు, మనం వెనక బ్రేకుకే అలవాటు పడ్డాం. కానీ బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ఆపే శక్తిలో 70 శాతమో అంతకన్నా ఎక్కువో ముందు బ్రేకుదే. వెనకది ఒక్కటే తొక్కితే అది తేలికగా పట్టేసి జారుతుంది, బండి మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. కోర్సులో దీన్ని చేతికి అలవాటు చేయిస్తారు. గబుక్కున గుంజడం కాదు, పిండుతూ పోవాలి. బరువు ముందుకు దిగిన కొద్దీ ఇంకా గట్టిగా.

1981లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి హ్యారీ హర్ట్ బృందం ఇచ్చిన నివేదిక ఉంది. లాస్ ఏంజలిస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను సంఘటన స్థలానికి వెళ్లి పరిశీలించారు. ప్రమాదంలో పడ్డవారిలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. ఆపద కనిపించాక తప్పించుకోవడానికి దొరికే సమయం రెండు సెకన్ల లోపే. ఆ రెండు సెకన్లలో చాలామంది వెనక బ్రేకు అతిగా తొక్కారు, ముందు బ్రేకును తగినంత వాడలేదు. ఖమ్మం రోడ్డు అనుభవం మీకు చాలా నేర్పింది, ఒప్పుకుంటాను. ఈ ఒక్కటి నేర్పదు.

సందేహాల_పుట్ట
మూడో_గేరు, ఆ 92 శాతం ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. ఆ రోజుల్లో ప్రమాదంలో పడనివాళ్లలో కూడా ఎక్కువమంది సొంతంగా నేర్చుకున్నవాళ్లే అయి ఉంటారు కదా? కోర్సులు ప్రమాదాలను తగ్గిస్తాయా అని 2010లో కోక్రేన్ (ఆరోగ్య పరిశోధనలను కూడగట్టి బేరీజు వేసే సంస్థ) సమీక్ష పాత అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి చూసింది. తగ్గిస్తాయని గట్టిగా చెప్పగలిగేంత నాణ్యమైన ఆధారం దొరకలేదని తేల్చింది. పైగా తప్పనిసరి శిక్షణ అంటే కొందరు అసలు లైసెన్సు దాకానే రారు, దానివల్ల రోడ్డు మీద బండ్లు తగ్గి ప్రమాదాలు తగ్గవచ్చని కూడా రాసింది.

నా మాట ఒకటే. మైదానంలో గంటకు ఇరవై మైళ్లు దాటరు. బయటికి వస్తే ఫ్రీవే మీద డెబ్బై. ఆ తేడాను కోర్సు పూడ్చదు. కానీ సర్టిఫికెట్ చేతికి వచ్చినవాడు అన్నీ వచ్చేశాయనుకుంటాడు. అదే నా భయం.

మూడో_గేరు
సరైన ప్రశ్న. హర్ట్ బృందం అదే ప్రాంతంలో ప్రమాదంలో పడని రైడర్లతో కూడా మాట్లాడి పోల్చింది. శిక్షణ లేనివాళ్లు ప్రమాదాల్లో ఎక్కువగా కనిపించారనే చెప్పింది. అయితే కోక్రేన్ సమీక్ష మాటను నేను కాదనడం లేదు. ఆధారం దొరకలేదంటే ప్రయోజనం లేదని రుజువైనట్టు కాదు, అంతవరకే.

పాలపిట్ట
నాకు ఇండియాలో స్కూటీ తప్ప గేర్ల బండి తెలియదు. మా ఆయన పదిహేనేళ్లుగా బైక్ నడుపుతున్నారు. ఇద్దరం ఒకే బృందంలో చేరాం. పరీక్షలో నాకే మెరుగైన మార్కులు వచ్చాయి.

కారణం నా గొప్పతనం కాదు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాను, ఆయన చేతులు మాత్రం పాత పద్ధతికే పోయేవి. మలుపులో కూడా రెండు వేళ్లు బ్రేకు మీదే. శిక్షకురాలు ఎన్నిసార్లు చెప్పినా తీసేవారు కాదు. ఆఖరికి నేల మీద గీసిన బాక్సులో యూ టర్న్ తిరుగుతూ ఆ వేళ్లు బిగుసుకున్నాయి, హ్యాండిల్ తిరిగి ఉంది, బండి అక్కడికక్కడే పక్కకు వాలింది. దెబ్బ తగలలేదు. సాధనలో కాబట్టి సరిపోయింది, పరీక్షలో బండి పడేస్తే అంతటితో ఆపేస్తారు.

అన్నట్టు, ఆయన ప్రతి మలుపు దగ్గరా హారన్ కొట్టేవారు. మొదటిసారి కొట్టగానే మిగతా బండ్లన్నీ ఆగిపోయాయి.

ప్లానో_మామిడి
పాలపిట్ట గారు, ఆ హారన్ సంగతి చదివి ఇంట్లో అందరం నవ్వుకున్నాం. యూ టర్న్ అంత కష్టమా? మా ఊళ్లో ఎడ్లబండి వెనక ఇరుకు సందుల్లో తిప్పినవాణ్ని.

పాలపిట్ట
ఇరుకు సందులో కాలు కింద పెట్టే తిప్పి ఉంటారు. ఇక్కడ కాలు పెడితే మార్కులు పోతాయి. కిటుకు చెబుతాను. క్లచ్‌ను హాఫ్ దగ్గర నిలిపి, వెనక బ్రేకు మీద కొంచెం ఒత్తిడి ఉంచి, తలను భుజం మీదుగా పూర్తిగా వెనక్కి తిప్పి మీరు వెళ్లవలసిన చోటికి చూడండి. ముందు చక్రం వైపు చూస్తే గీత దాటడం ఖాయం. మా శిక్షకురాలు బాక్సు మూల నిలబడి చేతి వేళ్లు చూపించి, తిరుగుతూనే ఎన్నో చెప్పమనేది. వేళ్లు లెక్కపెడుతూ వెళ్లినవాళ్లందరూ శుభ్రంగా తిరిగారు. కింద పసుపు గీతను చూసినవాళ్లు దాని మీదికే వెళ్లారు.

ఎత్తు తక్కువైన ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే: పొద్దున్నే వెళ్లి హోండా రెబెల్ లాంటి తక్కువ ఎత్తు సీటు ఉన్న బండి దగ్గర నిలబడండి. రెండు పాదాలూ నేలకు ఆనితే సగం భయం పోతుంది.

సైకిల్_చైను
కోర్సులో నాకు మింగుడుపడనిది ఒకటే. కుడివైపు తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నొక్కమంటారు. అలా నొక్కితే చక్రం ఎడమకు కదా తిరిగేది? శరీరం వంచితే బండి తిరుగుతుంది, మనమంతా అలాగే నడిపాం. ఈ నొక్కడం పుస్తకాల్లో రాసుకోవడానికి బాగుంటుంది.

నల్లరేగడి
సైకిల్_చైను గారు, మీరు కూడా నొక్కుతూనే ఉన్నారు, మీకు తెలియడం లేదంతే. కాస్త వేగం అందుకున్నాక రెండు చక్రాల బండి తిరగాలంటే ముందు వాలాలి. కుడి హ్యాండిల్ నొక్కితే ముందు చక్రం ఒక్క క్షణం ఎడమకు పోతుంది. నేలను తాకే చోటు బండి కింద నుంచి ఎడమకు జరిగిపోతుంది కాబట్టి బండి కుడికి వాలుతుంది. వాలాక చక్రం తనంతట తానే కుడికి సర్దుకుంటుంది. మీరు శరీరం వంచినప్పుడు కూడా చేతి బరువు ఆ హ్యాండిల్ మీదే పడుతుంది.

తెలిసి చేయడానికీ తెలియక చేయడానికీ తేడా ఎక్కడ వస్తుందంటే, ముందు లారీ నుంచి ఒక మూట జారి పడినప్పుడు. శరీరం వంచుతూ కూర్చుంటే సమయం చాలదు. ఒక నొక్కు కుడికి, దాటగానే ఒక నొక్కు ఎడమకు. పరీక్షలో ఇది విడిగా ఉంటుంది. బ్రేకు, తప్పించడం రెండూ ఒకేసారి చేయవద్దని కూడా అక్కడే చెబుతారు. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే, దాన్ని రెండు పనులకు పంచితే జారుతుంది.

సైకిల్_చైను
ఇవాళ సాయంత్రం మా వీధి చివర ఖాళీ స్థలంలో చేసి చూశాను. వేలితో నెట్టినంత ఒత్తిడికే బండి వాలింది. ఆశ్చర్యంగా ఉంది.

హ్యూస్టన్_ఎమర్జెన్సీ
అత్యవసర విభాగంలో పనిచేస్తాను. కోర్సు మంచిదా కాదా అన్న చర్చకు ఒకటి కలపాలి. టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి ఈ కోర్సు చేసినవారికి, లేదా ఆరోగ్య బీమా ఉన్నవారికి హెల్మెట్ నుంచి చట్టం మినహాయింపు ఇస్తుంది. అంటే కోర్సు చేసిన కాగితమే హెల్మెట్ తీసేయడానికి అనుమతి పత్రం అవుతోంది. దయచేసి ఆ పని చేయకండి. ప్రాణం పోయే గాయాలను హెల్మెట్ రైడర్లలో 37 శాతం దాకా ఆపుతుందని ఇక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అంచనా. వెనక కూర్చున్నవారిలో 41 శాతం.

తల గురించి అందరూ చెబుతారు, చర్మం గురించి ఎవరూ చెప్పరు. వేసవిలో నిక్కరు, టీషర్టుతో పడ్డవాళ్లు వస్తారు. తారు రోడ్డు మీద ఈడ్చుకుపోయిన మోకాలిలో రాతి పొడి ఇరుక్కుంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే చీము పడుతుంది, మచ్చ నల్లగా ఉండిపోతుంది. అందుకని మత్తు ఇచ్చి, బ్రష్‌తో రుద్ది ఒక్కొక్క రేణువూ తీస్తాం. మత్తు దిగాక వాళ్లు పడే బాధ చూడలేం. కోర్సులో పొడుగు చేతుల చొక్కా, మందపు ప్యాంటు, వేళ్లన్నీ కప్పే గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు లేకపోతే మైదానంలోకి రానివ్వరు. ఆ నియమం కోర్సు అయిపోయాక కూడా మీ ఇంట్లో ఉండాలి.

కోనసీమ_కొబ్బరి
ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఇక్కడ బైక్ కొనకండి. నా మాట కఠినంగా ఉండవచ్చు. మైలుకు లెక్క వేస్తే కారులో ఉన్నవాళ్లకన్నా బైక్ మీద ఉన్నవాళ్లు చనిపోయే అవకాశం ఇరవై రెట్ల పైమాటే. 2023లో ఈ దేశంలో 6,335 మంది పోయారు. సరదా కోసం ఇంత అవసరమా?

ప్లానో_మామిడి
మీ ఆందోళన అర్థమైంది. మా ఆవిడ కూడా ఇదే మాట అంటోంది. అందుకే తొందరపడకుండా అడుగుతున్నాను. ఫ్రీవే ఎక్కే ఆలోచన లేదు, ఆదివారం పొద్దున చెరువు చుట్టూ ఉన్న రోడ్ల మీద తిరగడానికే.

బే_ఏరియా_బుల్లెట్
ప్రమాదాలు ఎక్కువగా ఫ్రీవే మీద జరుగుతాయనుకోవద్దు. కూడళ్ల దగ్గర ఎదురుగా వచ్చే కారు మన ముందే ఎడమకు తిరుగుతుంది చూడండి, అది అసలు గండం. హర్ట్ నివేదికలో కూడా వేరే వాహనంతో జరిగిన ప్రమాదాల్లో మూడింట రెండు వంతుల్లో దారి ఇవ్వనిది ఆ వాహనం నడిపేవాడే. మనవాళ్లకు ఇందులో అదనపు చిక్కు ఉంది. ఇండియాలో ఎడమవైపు నడిపి, అడ్డంగా తిరిగే బండి కుడివైపుకు తిరగడం చూసి పెరిగాం. ఇక్కడ అంతా తారుమారు. కారులో కొన్నాళ్లకు అలవాటు అవుతుంది. బండి ఎక్కగానే శరీరం మళ్లీ పాత దేశానికి వెళ్లిపోతుంది.

ఇంకొకటి, సిగ్నల్ దగ్గర కార్ల మధ్య నుంచి ముందుకు దూరడం. కాలిఫోర్నియాలో చట్టం ఒప్పుకుంటుంది, టెక్సాస్‌లో కుదరదు. అక్కడ కారు నడిపేవాళ్లు ఆ సందులోంచి ఎవరో వస్తారని ఊహించరు కూడా.

సందేహాల_పుట్ట
ఇది మంచి మాట. కోర్సులో ముందే వెతికి, అంచనా వేసి, అప్పుడు కదలడం అని ఒక పద్ధతి చెబుతారు. నిజానికి దాన్ని మైదానంలో నేర్పలేరు, నేర్పవలసింది మాత్రం అదే.

తెనాలి_వీధి
మీరంతా అమెరికా గురించి మాట్లాడుతుంటే నాకు కడుపు మండుతోంది. ఇక్కడ ఇండియాలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. మన దగ్గర ద్విచక్ర లైసెన్సుకు బడి లేదు. లెర్నర్ కాగితం తీసుకుని నెల తర్వాత వెళ్లి ఎనిమిది ఆకారంలో ఒకసారి తిరిగితే సరి. బ్రేకు ఎలా పట్టాలో ఎవరూ అడగరు. ప్లానో_మామిడి గారు ఇంటర్‌లో నడిపానన్నారు. గేర్ల బండికి పద్దెనిమిదేళ్లు నిండాలి కదా. మా వీధిలో ఇప్పటికీ పిల్లలు అలాగే వెళ్తున్నారు. మైనరుకు బండి ఇస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019లో చట్టం మార్చినా ఆగలేదు.

మా చెల్లెలు డిగ్రీలో చేరింది, కాలేజీకి బండి కావాలంటోంది. మీ కోర్సులో చేయించేవి ఇంటి దగ్గర చేయించవచ్చా? జిల్లా పరిషత్ హైస్కూలు మైదానం దగ్గరలోనే ఉంది.

మూడో_గేరు
చేయించవచ్చు, కానీ బ్రేకు సాధన మట్టి మైదానంలో వద్దు తమ్ముడూ. ముందు చక్రం జారి భయపడుతుంది, జీవితాంతం ఆ బ్రేకు ముట్టుకోదు. ఆదివారం ఖాళీగా ఉండే కల్యాణ మండపం ముందు సిమెంటు స్థలమో, మార్కెట్ యార్డులో గచ్చు నేలో చూడండి. ఇసుక ఉంటే చీపురుతో ఊడ్చండి. సుద్దముక్కతో గీత గీసి, గీత దగ్గరికి రాగానే రెండు బ్రేకులూ కలిపి పిండుతూ ఆపమనండి. మొదట నడక వేగంతో, చేయి కుదిరాక పెంచండి. బండి నిటారుగా ఉన్నప్పుడే గట్టిగా పట్టాలి, వంగి ఉన్నప్పుడు కాదు. తప్పించే సాధనకు మధ్యలో ప్లాస్టిక్ సీసాలు పెట్టండి. ఇటుకలు వద్దు.

హ్యూస్టన్_ఎమర్జెన్సీ
మొదటి రోజు నుంచే ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్, చున్నీ వెనక చక్రంలో పడకుండా గట్టిగా ముడి. చున్నీ సంగతి మరిచిపోకండి, అది ఇక్కడి పుస్తకాల్లో ఉండదు.

తెనాలి_వీధి
మార్కెట్ యార్డు బాగుంది, మిర్చి కాలం కాకపోతే ఖాళీయే. చున్నీ మాట అమ్మకు చదివి వినిపించాను, వెంటనే ఒప్పుకుంది.

ఆస్టిన్_ఆవకాయ
ప్లానో_మామిడి గారికి ఒక ఆచరణ సలహా: జూలై, ఆగస్టుల్లో చేరకండి. తారు మీద ఆ ఎండకు, ఆ బూట్లు గ్లవ్స్‌తో మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. అక్టోబరు గానీ మార్చి గానీ. ఇండియా నుంచి తెచ్చిన హెల్మెట్ పట్టుకెళ్తే ఒప్పుకోకపోవచ్చు, డాట్ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉన్నది కొనుక్కోండి.

ప్లానో_మామిడి
అక్టోబరులో చేరి నిన్ననే పూర్తిచేశాను. లైసెన్సు వచ్చేస్తుంది. ఇక్కడ ఇంతమంది ఓపికగా రాశారు కాబట్టి జరిగింది చెప్పాలి.

మొదటి పూట నల్లరేగడి గారు అన్నట్టే విసుగే. పక్కన అరవై దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ, ఆమెకు క్లచ్ కొత్త. నాకు నల్లేరు మీద బండి నడక. రెండో రోజు హఠాత్తుగా ఆపే సాధనలో మా ఇద్దరి దూరాలూ శిక్షకుడు కొలిచాడు. ఆమె నాకన్నా ముందే ఆగింది. నా కుడి పాదం చేతికన్నా ముందు కదులుతోందని, ఒకసారి పాదం పెగ్ (కాలు పెట్టుకునే కడ్డీ) మీదే ఉంచి కేవలం చేత్తో ఆపమన్నాడు. ఆ తర్వాత నాకూ దూరం తగ్గింది. ఏళ్ల తరబడి నడిపినా ముందు బ్రేకుకు అంత బలం ఉందని నా చేతికి తెలియదు.

ఒక అసంతృప్తి మాత్రం మిగిలింది. సందేహాల_పుట్ట గారి మాట నిజం. ఎదురు కారు ఎడమకు తిరిగే సంగతిని తెర మీద బొమ్మల్లో చూపించి వదిలేశారు. దానికి తొలినాళ్లలో ఎవరైనా తెలిసినవాళ్లతో కలిసి రోడ్డు మీద తిరగడం తప్ప దారి కనిపించడం లేదు. బండి 300 సీసీది, ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్నదే చూస్తున్నాను.

మూడో_గేరు
ఏబీఎస్ విషయంలో రాజీ వద్దు. అదే నమూనా బండ్లలో ఏబీఎస్ ఉన్నవాటికి ప్రాణాంతక ప్రమాదాలు 22 శాతం తక్కువని ఇక్కడి బీమా సంస్థల పరిశోధనా కేంద్రం లెక్క తేల్చింది.

సందేహాల_పుట్ట
నేను మెకిన్నీలో ఉంటాను, మీకు దగ్గరే. ఆదివారం ఆరున్నరకు లావోన్ చెరువు వైపు వెళ్దాం. మొదటి గంట నేను ముందు వెళ్తాను, ప్రతి కూడలి దగ్గరా ఎక్కడ జరుగుతున్నానో చూడండి. తర్వాత మీరు ముందు.

ప్లానో_మామిడి
తప్పకుండా. ఇంకా బండి కొనలేదు, వచ్చే శనివారం చేతికి వస్తుంది. ఆ మరుసటి ఆదివారం పెట్టుకుందామా?

సందేహాల_పుట్ట
అలాగే. కొత్త టైర్లు మొదట కొంచెం జారతాయి, షోరూము నుంచి ఇంటికి వచ్చేటప్పుడు మలుపుల్లో నెమ్మది.

పాలపిట్ట
మేమిద్దరం కూడా వస్తాం. మా ఆయన ఇప్పుడు హారన్ కొట్టడం మానేశారు.